ఏదుముళ్ల గీత

అనగనగా ఎర్రగుట్ట అనే గుట్ట కింద ఒక అడవి ఉండేది. టేకు, మద్ది, తునికి చెట్ల అడవి అది. చలి తగ్గేసరికి అక్కడ చెట్లన్నీ ఆకు రాల్చేవి. రాలిన ఆకు మోకాలి లోతున పేరుకునేది. మోదుగ పూసే నాటికి అది అప్పడంలా ఎండిపోయేది. ఆ తరువాత ఒక్క నిప్పురవ్వ చాలు.

ఆ అడవిలో నిప్పు పుడితే పైనుంచి వచ్చి ఆర్పేవారు ఎవరూ లేరు. ఉన్నవారే చూసుకోవాలి. అందుకని అక్కడి జంతువులు పూర్వం ఒక కట్టుబాటు చేసుకున్నాయి. మోదుగ మొదటి పువ్వు రాలిన రోజున ఇష్టమున్నవారు చెలమ పక్కనున్న నల్లబండ ఎక్కాలి. తడిమట్టి తీసి ఎవరి నుదుట వారే పెట్టుకోవాలి. అలా పెట్టుకున్నవారు ఆ ఏడాదికి నిప్పుకాపులు. రమ్మని ఎవరినీ పిలవరు. రాలేదని ఎవరినీ నిందించరు. కాని మట్టి పెట్టుకున్న తరువాత, తీతువు మూడుసార్లు కూసిందంటే నోటిలోని ముద్దనైనా వదిలి రావలసిందే.

పిల్లలారా, నిప్పును నీటితో ఆర్పాలని మీరు అనుకుంటారు. అక్కడ నీరు లేదు. చెలమలో ఊరే నీరు తాగడానికే చాలదు. కనుక వారు నిప్పుకు తిండి లేకుండా చేసేవారు. మంట వచ్చే దారికి అడ్డంగా నేల మీది ఆకును, గడ్డిని, వేళ్లను తొలగించి, వట్టి మట్టిని పైకి తేల్చేవారు. దాన్ని నిప్పుగీత అనేవారు. గీత దాకా వచ్చిన మంటకు తినడానికి ఏమీ దొరకదు. అక్కడే కూలబడి చస్తుంది.

ఆ గీత ఎక్కడ సాగాలో నిర్ణయించేవాడు అంబయ్య. అతడు ఏదుపంది. వీపు నిండా అంబుల వంటి ముళ్లు. రాలిన ముళ్లను అతడు పారవేయడు. తన బొరియలో దాచుకుంటాడు. నిప్పు పుట్టినప్పుడు వాటిని నోట కరచుకుని అందరికంటే ముందు నడుస్తాడు. పది అంగలకు ఒక ముల్లు నాటుతాడు. ఒక ముల్లు నుంచి మరో ముల్లు దాకా ఒకరి వాటా. తలకు పది అంగలు. పదకొండు లేదు.

పది అంగలే ఎందుకని మీరు అడగవచ్చు. అంతకు మించితే, మంట వచ్చేలోగా ఒక్కరు నేలను నున్నగా చేయలేరు. ఈ సంగతి వారికి ఏ గురువూ చెప్పలేదు. కాలిన ఒళ్లు చెప్పాయి.

ఆ ఏడాది అంబయ్య కాక ఇరవై మంది మట్టి పెట్టుకున్నారు. వారిలో బొచ్చన్న అనే ఎలుగుబంటి ఉన్నాడు. అడ్డం పడిన మానులను దొర్లించడం అతని పని. కొమ్మయ్య అనే కొండముచ్చు ఉన్నాడు. పచ్చికొమ్మ పట్టి ఆకును ఊడుస్తాడు. చేతితో సమానంగా నోరు కూడా ఆడిస్తాడు. నేలను దున్నేవారిలో మేటి ముట్టెమ్మ. ఆమె అడవిపంది. ఆమె ముట్టె ఆనించిందంటే గడ్డి వేళ్లతో సహా తిరగబడేది.

ముట్టెమ్మ బండ ఎక్కిన నాటికి నిండు చూలు.

"ఈ ఏటికి వద్దులే అక్కా," అన్నాడు అంబయ్య.

"నా పురుడు సంగతి నిప్పుకు తెలుస్తుందా?" అని ఆమె మట్టి పెట్టుకుంది.

 ఆరేళ్ల క్రితం నిప్పు అంబయ్య బొరియ దాకా వచ్చింది. లోపల కళ్లు తెరవని పిల్లలు ఇద్దరు ఉన్నారు. ఆనాడు బొరియ ముందరి వాటా దున్నింది ముట్టెమ్మే. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. అంబయ్య ఎన్నడూ మరువలేదు.

మోదుగ పూలన్నీ రాలాయి. ముట్టెమ్మ ఈనింది. గుట్ట వాలులో ఎత్తైన గడ్డిని కొరికి తెచ్చి, పేర్చి, పైన కప్పు వేసి ఆమె గూడు కట్టుకుంది. దానికి తొమ్మిది రోజులు పట్టింది. అందులో ఐదుగురు పిల్లలు చారల ఒళ్లతో ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయేవారు.

ఒకనాడు పొద్దు బారెడు ఎక్కిన వేళ, గుట్ట మీది వెదుళ్లు గాలికి రాసుకున్నాయి. పొగ లేచింది. తీతువు మూడుసార్లు కూసింది.

ఇరవై మందీ నల్లబండ దగ్గరకు చేరారు. ముట్టెమ్మ కొంచెం ఆలస్యంగా వచ్చింది. వాగులోని ఇసుకమేట మీద పిల్లలను దించి వచ్చింది.

"పిల్లలు భద్రమేనా అక్కా?" అని అంబయ్య అడిగాడు.

"ఇసుక మీద ఉన్నారు. ఇసుక కాలదు. గీత ఎక్కడ?"

అంబయ్య గాలికి ఎదురుగా నిలబడి చూశాడు. గాలి పడమర నుంచి వీస్తోంది. మంట మధ్యాహ్నానికి వాలు దిగుతుంది. గీత నల్లబండ దగ్గర మొదలై ఇసుకమేట దగ్గర ముగియాలి. బండ కాలదు, ఇసుక కాలదు. రెంటికీ నడుమ సరిగ్గా రెండు వందల అంగలు. ఇరవై తలలకు సరిగ్గా సరిపోతుంది. గీతకు ఇవతల చెలమ ఉంది, తునికి తోపు ఉంది, పరుగెత్తలేని ముసలి తాబేలు డిప్పతాత ఉన్నాడు.

అంబయ్య ఇరవై ముళ్లు కరచుకుని బయలుదేరాడు. ఒకటి నాటాడు. రెండు నాటాడు. ఏడు నాటాడు. ఏడో ముల్లు దగ్గర తల ఎత్తి చూశాడు. వాలు మీద ముప్పై అంగల దూరాన ముట్టెమ్మ గడ్డిగూడు కనిపించింది. అది గీతకు అవతల పడుతోంది.

అంబయ్య కాళ్లు ఆగిపోయాయి.

'ఇందరి ఇళ్లకు ముందు నిలబడి దున్నిన ముట్టె ఆమెది. ఆమె ఇంటిని నేనే నిప్పుకు అప్పగించాలా? రేపు ఆమె ముఖం ఎలా చూడను?' అనుకున్నాడు. గూటిని లోపలికి కలుపుకోవాలంటే గీత వంపు తిరగాలి. వంపు తిరిగితే అరవై అంగలు పెరుగుతాయి. తలలు మాత్రం పెరగవు. ఇదంతా అతనికి తెలుసు.  అయినా వెనుకకు వెళ్లి నాటిన ఏడు ముళ్లనూ పీకాడు. పదమూడు అంగలకు ఒకటి చొప్పున మళ్లీ నాటుకుంటూ, గూటిని చుట్టి వచ్చి, ఇరవయ్యో ముల్లును ఇసుకమేట దగ్గర గుచ్చాడు.

ముళ్లు ఇరవై. తలలు ఇరవై. పైకి అంతా సరిగానే ఉంది.

పని మొదలైంది. అందరి చూపూ నేల మీదే. పొగ దిగుతూండటం వల్ల ఒకరి వాటా మరొకరికి సరిగా కనిపించడం లేదు.

మొదట బొచ్చన్న తల ఎత్తాడు. "అంబయ్యా, ముళ్లు ఎన్ని?"

"ఇరవై."

"తలకొకటే కదా?"

"తలకొకటే."

"మరి ఈవేళ పని తరగదేం? ఒళ్లు బరువెక్కిందేమో నాకు," అని బొచ్చన్న మళ్లీ మానుకు భుజం ఆనించాడు. అంబయ్య చెప్పిన మాటలో తప్పు లేదు. అంగల సంగతి బొచ్చన్న అడగలేదు, అంబయ్య చెప్పలేదు.

రెండోసారి కొమ్మయ్య కేక వేశాడు. "మామా! నా ముల్లు ఎక్కడ నాటావు? గుట్ట దాటించావా ఏమిటి?"

"నోరు తగ్గించి చెయ్యి ఆడించు."

"చెయ్యి ఆడుతూనే ఉంది మామా. ముల్లే రావడం లేదు!"

పక్క వాటాల్లోని దుప్పులు నవ్వాయి. అంబయ్య నవ్వలేదు. నిజం చెప్పడానికి అప్పటికీ వేళ మించలేదు. మంట ఇంకా గుట్ట నడుమనే ఉంది. అయినా అతడు ముందుకు నడిచాడు.

మూడోసారి ముట్టెమ్మ ఆగింది. ఆమె తల వంచి దున్నుకుంటూ వస్తోంది. పది అంగలు అయ్యేసరికి ఆమె ముట్టె దానంతట అదే ఆగింది. ఎన్నో ఏళ్ల అలవాటు అది. తల ఎత్తింది. ఎదుట ముల్లు లేదు. ఇంకో మూడు అంగల అవతల ఉంది. ఆమె ముల్లును చూసింది. ముల్లు వెనుక తన గడ్డిగూటిని చూసింది.

"అంబయ్యా, ఇటు రా."

అతడు వచ్చాడు.

"గీత ఇక్కడెందుకు వంపు తిరిగింది?"

"అటు నేల గట్టిగా ఉంది అక్కా."

"నేల సంగతి నాకు చెబుతున్నావా?"

అంబయ్య గూటి వైపు చూశాడు.

"నిన్ను నా ఇల్లు కాపాడమని అడిగానా?" అంది ముట్టెమ్మ.

"నువ్వు అడగవు. అందుకే నేను చేశాను. నువ్వు నా పిల్లలను—"

"నీ పిల్లలు ఆనాడు గీతకు ఇవతల ఉన్నారు. ఇవతల ఉన్నవారిని కాపాడాను. అవతల ఉంటే ఏం చేసేదాన్నో నీకు తెలుసా?"

అంబయ్యకు తెలియదు. ఎన్నడూ ఆలోచించలేదు.

"అది గడ్డి," అంది ముట్టెమ్మ. "తొమ్మిది రోజుల పని. మళ్లీ తొమ్మిది రోజులు కష్టపడితే వస్తుంది. ఆ ముళ్లు పీకు. వంపు వదిలేసి, వెనుక సూటిగా గీయిద్దాం. ఇంకా వేళ ఉంది."

"పీకను అక్కా. నీ ఇల్లు కాలుతూ ఉంటే నేను చూడలేను."

అటు బొచ్చన్న, ఇటు కొమ్మయ్య ఈ మాటలు విన్నారు. సంగతి వారికి అర్థమైంది. "పోనీలే అత్తా," అన్నాడు కొమ్మయ్య. "మా కోసం ఎన్నేళ్లు దున్నావు! నీ కోసం మూడు అంగలు ఊడవలేమా?" బొచ్చన్న కూడా అవునన్నాడు. వారి మాటలో కల్మషం లేదు. అయినా అలా మాట్లాడుకుంటూండగానే వేళ గడిచిపోయింది.

గాలి ఊపు అందుకుంది. మంట వాలు దిగింది.

ఇరవై మందీ తమ శక్తినంతా పెట్టారు. ఎవరి వాటాలోనైనా పది అంగలే నున్నగా అయ్యాయి. ప్రతి వాటాలోనూ మూడు అంగల మేర ఆకు అలాగే మిగిలింది. గీత మీద అలాంటి సందులు ఇరవై ఉన్నాయి. నిప్పుకు ఒక్కటి చాలు. ముట్టెమ్మ గూటి పక్క సందులోనే అది దూరింది. మొదట గూడే అంటుకుంది. చూస్తూండగా మంట గూటిని దాటి తునికి తోపులోకి పోయింది.

తోపులో డిప్పతాత ఉన్నాడు.

"వెనక్కు రండి! బండ దగ్గరకు!" అని బొచ్చన్న అరిచాడు. అందరూ పరుగెత్తారు. ముట్టెమ్మ మాత్రం తోపు వైపు పరుగెత్తింది. డిప్పతాత చుట్టూ నేల దున్నడం మొదలుపెట్టింది. కింద నేల సెగలు కక్కుతోంది. ఆకు కింద నిప్పులు ఉన్నాయి. ఆమె ముట్టె ఎత్తలేదు.

"ఎందుకమ్మా నీకీ కష్టం? నేను బతికింది చాలు, పో," అన్నాడు డిప్పతాత.

"నోరు మూసుకుని తల లోపలికి లాక్కో తాతా," అంది ఆమె.

అంబయ్య పొగలో పడుతూ లేస్తూ వచ్చి, మిగిలిన వేళ్లను పళ్లతో కోశాడు. వెనుకనే బొచ్చన్న, కొమ్మయ్య, తక్కిన వారూ తిరిగి వచ్చారు. చుట్టుగీత పూర్తయింది. మంట దాని చుట్టూ తిరిగి, చెలమ తడి దాకా పోయి అణిగింది.

డిప్పతాత బతికాడు. తునికి తోపు సగం కాలింది. అందులో పక్షుల గూళ్లు, ఉడుతల తొర్రలు, రెండు కుందేటి కుటుంబాల పొదలు పోయాయి. ముట్టెమ్మ గూడు పోయింది. ఆమె ముట్టె కొన కాలిపోయింది.

పుండు మానడానికి వానలు రావలసి వచ్చింది. మానిన చోట తోలు రాయిలా గట్టిపడింది. ఆ ముట్టెకు వాసన తెలియదు. దానితో నేల దున్నడం కుదరదు. బొచ్చన్న రోజూ దుంపలు పెకలించి తెచ్చి ఆమె ముందు పెట్టేవాడు. ఆమె వద్దనలేదు. తవ్వడం రాకపోతే అడవిపందికి మరో దారి లేదు.

అంబయ్య దక్కించాలనుకున్న గూడు ఎలాగూ దక్కలేదు. దానితో పాటు ముట్టెమ్మ జీవనాధారం కూడా పోయింది. అంబయ్యను ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే అతనికి అంత బాధ ఉండేది కాదు.

ఏడాది తిరిగింది. మోదుగ మొదటి పువ్వు రాలింది. అందరూ నల్లబండ దగ్గరకు చేరారు. అంబయ్య తన ముళ్ల కట్ట తెచ్చి బండ మీద పెట్టాడు.

"ఇక వీటిని మరొకరు మోయాలి," అన్నాడు.

 ముట్టెమ్మ ముందుకు వచ్చింది. వెనుక ఆమె పిల్లలు ఐదుగురూ ఉన్నారు. ఏడాదిలో బాగా ఎదిగారు.

"ఎవరు మోయాలి?" అంది ఆమె. "నీకైతే తప్పు ఎక్కడ జరుగుతుందో తెలుసు. తక్కిన వారికి ఇంకా తెలియదు. తీసుకో."

ఆమె తడిమట్టి తీసి నుదుట పెట్టుకుంది. కొమ్మయ్య ఆశ్చర్యపోయాడు. "నువ్వేం చేస్తావు అత్తా? ముట్టె లేదు కదా?"

"కాళ్లున్నాయి. అతని వెనుక నడుస్తాను. అంగలు లెక్కపెడతాను."

ఐదుగురు పిల్లలూ ఒకరి తరువాత ఒకరు మట్టి పెట్టుకున్నారు. అంబయ్య ముళ్ల కట్ట తీసుకున్నాడు.

ఆ ఏడాది నిప్పు దక్షిణం నుంచి వచ్చింది. తీతువు మూడుసార్లు కూసింది. అంబయ్య గాలిని చూశాడు. ఈసారి గీత ఎండిన వాగు మలుపు నుంచి రాతిగుండు దాకా సాగాలి. ముట్టెమ్మ కాక తలలు ఇరవై నాలుగు. అంగలు రెండు వందల నలభై. అతడు ముళ్లు కరచుకుని నడిచాడు. వెనుక ముట్టెమ్మ పైకి లెక్కపెడుతూ నడిచింది.

పదకొండో ముల్లు నాటి తల ఎత్తిన అంబయ్యకు, ఎదుట వాలులో పడి ఉన్న ఎండిన మద్దిమాను కనిపించింది. దాని కిందనే అతని బొరియ. తండ్రి తవ్విన బొరియ అది. పిల్లలు పుట్టింది అందులోనే. మిగిలిన ముళ్లన్నీ ఉన్నది అందులోనే. లోపల ఎవరూ లేరు. అది గీతకు ఇరవై అంగలు అవతల ఉంది.

"ఏడు," అంది వెనుక ముట్టెమ్మ. "ఎనిమిది. తొమ్మిది."

అక్కడ ఆమె ఆగింది. పదో అంగ అంబయ్య ఎటు వేస్తాడో అటు గీత పోతుంది. ఆమె అతన్ని ఏమీ అడగలేదు. మద్దిమాను వైపు కూడా చూడలేదు.

అంబయ్య మరొక్కసారి గాలిని చూశాడు. సూటిగా ఒక అంగ వేశాడు.

"పది," అన్నాడు. ముల్లు నాటాడు.

మధ్యాహ్నానికి మంట వచ్చింది. మద్దిమానును కాల్చి, దాని కింది బొరియను కూల్చింది. గీత దాకా వచ్చి, తినడానికి ఏమీ దొరకక చచ్చింది. గీతకు ఇవతల ఒక్క ఆకు కమరలేదు.

మరునాడు పొద్దున అంబయ్య బూడిద తొక్కుకుంటూ తన బొరియ చోటికి వెళ్లాడు. అక్కడికి కొంచెం ఎగువన, మెత్తటి నేలలో, ఐదుగురు అడవిపంది పిల్లలు ముట్టెలు దించి తవ్వుతున్నారు. ముట్టెమ్మ పక్కన నిలబడి చెబుతోంది.

"ఇంకా లోతుకు పోవాలి. ఏదుపందికి ఉలిక్కిపడితే ముళ్లు లేస్తాయి. ఆ మాత్రం చోటు ఉండాలి."

అంబయ్యను చూసి ఆమె తల తిప్పి, "నిలబడి చూస్తావేం?" అంది. "వేళ్లు అడ్డం వస్తున్నాయి. కొయ్యి."

అంబయ్య వంగి వేళ్లు కోశాడు.

నీతి: నలుగురి రక్షణకు గీత గీసేవాడు గాలిని, చేతుల సంఖ్యను చూసి గీయాలి. అభిమానాన్ని చూసి గీస్తే, ఆ అభిమానం పొందినవారే అందరికంటే ఎక్కువ నష్టపోతారు.